మీ క్లబ్బు తరఫున కంటి శిబిరం పెట్టాలంటే: ఇల్లిల్లూ తిరగడం నుంచి ఆరోవారం అద్దాల దాకా

లయన్స్ క్లబ్బులోనో రోటరీలోనో కొత్తగా చేరినవాళ్ళు మొదటి నెలలోనే అడుగుతారు: "ఇంతకీ నేనేం చేయాలండీ?" పిన్ను పెట్టుకున్నారు, చందా కట్టారు, రెండు మీటింగులకు వచ్చారు. ఆ తర్వాతేమిటో ఎవరూ చెప్పరు. పల్నాడులో ఒక మండల కేంద్రంలో చాలా ఏళ్ళుగా క్లబ్బు పనుల్లో ఉన్నాను. మొక్కలు నాటాం, చలివేంద్రాలు పెట్టాం, రక్తదాన శిబిరాలు నడిపాం. అన్నీ కావలసినవే. కానీ గోడ పట్టుకుని నడిచే మనిషి నెల తిరక్కముందే తన ఇంటి వాకిట్లో తనే ముగ్గు వేసుకోవడం చూడాలంటే కంటి శిబిరం పెట్టండి. చిన్న ఊరి క్లబ్బుకు కూడా ఇది అందే పనే.

లయన్స్‌కూ కంటిచూపుకూ పాత బంధమే ఉంది. 1917లో షికాగోలో మెల్విన్ జోన్స్ అనే బీమా వ్యాపారి మొదలుపెట్టిన సంస్థ ఇది. 1925లో ఒహాయో రాష్ట్రం సీడార్ పాయింట్‌లో జరిగిన మహాసభకు హెలెన్ కెల్లర్ వచ్చి, చీకటి మీద పోరులో అంధుల పక్షాన నిలబడమని సభ్యులను అడిగారు. చూపూ వినికిడీ రెండూ లేని మనిషి అడిగిన మాట అది. మన దేశంలో తొలి లయన్స్ క్లబ్బు 1956లో బొంబాయిలో వచ్చింది. అప్పటినుంచి ఇక్కడి క్లబ్బులకు కళ్ళ పని వారసత్వంగానే వస్తోంది. అవసరం మాత్రం తీరలేదు. యాభై దాటినవాళ్ళలో అంధత్వానికి మూడింట రెండు వంతులు ఆపరేషన్ చేయించని శుక్లాలే కారణమని 2015-19 జాతీయ సర్వే తేల్చింది. అంటే చిన్న ఆపరేషన్‌తో తిరిగివచ్చే చూపు కోసం మనుషులు చీకట్లో కూర్చుని ఉన్నారు.

పనిలోకి దిగేముందు ఒక లెక్క ఖాయం చేసుకోండి. శిబిరానికి 300 మంది వచ్చారని మరుసటిరోజు పేపర్లో వేస్తారు. ఆ అంకె పక్కన పెట్టండి. వచ్చినవాళ్ళలో ఆపరేషన్ కావాలని తేలింది ఎంతమందికి? వాళ్ళలో బస్సెక్కింది ఎంతమంది? ఆరు వారాల తర్వాత చూపు వచ్చింది ఎంతమందికి? కింద చెప్పే పనులన్నీ ఈ మూడు అంకెల మధ్య తేడా తగ్గించడానికే. మా తొలి శిబిరంలో రాసుకున్నవాళ్ళలో సగంమంది బస్సు రోజున రాలేదు. ఎందుకు రాలేదో ఇల్లిల్లూ తిరిగి కనుక్కున్నాకే మాకు ఈ పని అర్థమైంది.

మనుషులను కూర్చుకోవడం

పదిహేనుమంది చాలు. అందరూ సభ్యులే కానక్కర్లేదు. లయన్స్ యువ విభాగమైన లియో క్లబ్బు పిల్లలు, రోటరీ వైపు అయితే అలాంటివే అయిన ఇంటరాక్ట్, రోటరాక్ట్ పిల్లలు, డిగ్రీ కాలేజీ ఎన్ఎస్ఎస్ విద్యార్థులు, రిటైరైన టీచర్లు, ఎవరైనా పనికొస్తారు. దస్తూరి బాగున్న ఇద్దరిని రిజిస్టరు దగ్గర పెట్టండి. ఓపికగా నిలబడగలిగే నలుగురిని చూపు పరీక్షకు తీసుకోండి. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని, వాళ్ళు చెప్పేది చివరిదాకా వినగల ఇద్దరు మనుషులు తప్పనిసరిగా ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి అయితే మేలు. శిబిరం నిలిచేదీ కూలేదీ ఈ ఇద్దరి మీదే. మైకు ముందు బాగా మాట్లాడేవాళ్ళను ఈ పనికి పెట్టకండి.

ఆసుపత్రితో మాట్లాడుకోవడం: రెండు నెలల ముందు

శిబిరంలో పరీక్షలు మాత్రమే చేయాలి. ఆపరేషన్ ఎట్టి పరిస్థితుల్లోనూ స్కూలు గదిలోనో కల్యాణ మండపంలోనో జరగకూడదు. ఒకప్పుడు అలాగే జరిగేవి. కర్ణాటకకు చెందిన డాక్టర్ ఎం.సి. మోదీ ఊరూరా తిరిగి ఒక్కరోజులోనే వందల కళ్ళకు ఆపరేషన్లు చేసిన కాలం ఉంది. డాక్టర్లూ ఆసుపత్రులూ అందుబాటులో లేని ఆ రోజుల్లో అది మహోపకారం. అప్పట్లో కంట్లో లెన్స్ పెట్టేవాళ్ళు కాదు. శుక్లం తీసేసి సోడాబుడ్డి కళ్ళద్దాలు ఇచ్చేవారు, అవి పగిలితే మళ్ళీ చీకటే. 1992లో మదురైలోని అరవింద్ కంటి ఆసుపత్రివాళ్ళు ఆరోల్యాబ్ పెట్టి లెన్సులను ఇక్కడే తయారుచేయడం మొదలుపెట్టాక పేదవాళ్ళకు కూడా కంట్లో లెన్స్ అందింది. లెన్స్ పెట్టే ఆపరేషన్‌కు మంచి మైక్రోస్కోపు, శుభ్రమైన థియేటరు కావాలి. తాత్కాలిక శిబిరాల్లో చేసిన ఆపరేషన్లలో ఇన్‌ఫెక్షన్ సోకి కళ్ళు పోగొట్టుకున్నవాళ్ళ కథలు దేశంలో చాలానే ఉన్నాయి. కాబట్టి మనం మనుషులను ఆసుపత్రి దాకా చేర్చాలి, ఆపరేషన్ ఆసుపత్రిలో జరగాలి.

ఊళ్ళ మీదికి వచ్చి పరీక్షలు చేసే ధర్మ కంటి ఆసుపత్రులు మన రాష్ట్రాల్లో ఉన్నాయి. గుంటూరు పక్కన పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ కంటి సంస్థకు విజయవాడలో, విశాఖలో ఆసుపత్రులు, పల్లెల్లో దృష్టి కేంద్రాలు ఉన్నాయి. మీకు దగ్గరలో ఏది ఉందో చూసుకుని, ఊళ్ళలో శిబిరాల పని చూసే అవుట్‌రీచ్ విభాగంవాళ్ళతో మాట్లాడండి. ఫోన్లో తేల్చుకోకుండా ఒకసారి వెళ్ళి కూర్చోండి. వాళ్ళను ఇవి అడగాలి:

- రోజుకు ఎంతమందిని ఆపరేషన్‌కు తీసుకోగలరు? ఎన్ని మంచాలు ఉన్నాయి?
- బస్సు ఎవరిది? తీసుకెళ్ళడమేనా, తిరిగి దింపడం కూడానా?
- లెన్స్, మందులు, భోజనం అన్నీ ఉచితమేనా? తోడు వచ్చినవాళ్ళకు కూడా భోజనం పెడతారా?
- ఆపరేషన్ తర్వాత పరీక్షలకు వాళ్ళే మన ఊరు వస్తారా, మనమే తీసుకెళ్ళాలా?
- రాత్రిపూట కన్ను నొప్పి పుడితే ఏ నంబరుకు చేయాలి? ఎవరు ఎత్తుతారు?

చివరి ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పే ఆసుపత్రినే ఎంచుకోండి. జవాబులన్నీ కాగితం మీద రాయించుకుని ఇద్దరూ సంతకాలు పెట్టుకోండి. జిల్లాలో అంధత్వ నివారణ కార్యక్రమం చూసే అధికారికి క్లబ్బు లెటర్‌హెడ్ మీద ఉత్తరం ఇచ్చి అనుమతి తీసుకోవాలి. 1976 నుంచి నడుస్తున్న జాతీయ కార్యక్రమం అది. ఉచిత ఆపరేషన్లకు స్వచ్ఛంద ఆసుపత్రులకు గ్రాంటు అందేది కూడా దాని కిందే. ఈ ఉత్తరాల పని ఆసుపత్రివాళ్ళకు అలవాటే, అడిగితే సాయం చేస్తారు.

తేదీ

ఆదివారం అయితే స్కూలు ఖాళీగా దొరుకుతుంది. మా వైపు సంక్రాంతి దాటితే మిరపకోతలు. అరవై దాటిన అవ్వలు కూడా కూలికి పోతారు, శిబిరానికి ఎవరూ రారు. మీ ఊళ్ళో ఏ పంట ఎప్పుడు చేతికొస్తుందో చూసి తేదీ పెట్టండి. ఆంధ్రలో ఒకటో తేదీ అసలు వద్దు. ఆరోజు సచివాలయం సిబ్బంది ఇంటికొచ్చి పింఛను ఇస్తారు, పెద్దవాళ్ళు గడప దాటరు. రంజాన్ నెలలో కూడా పెట్టకండి, ఉపవాసం ఉన్నవాళ్ళను పొద్దంతా వరసలో కూర్చోబెట్టలేం. పెద్ద పండగకు ముందు రెండు వారాల్లో ఆపరేషన్ రోజు రాకుండా చూసుకోండి. దీని వెనక ఒక బాధ ఉంది, ముందుకెళ్ళాక చెబుతాను.

"ఎండాకాలంలో కంటి ఆపరేషన్ చేయించకూడదు" అన్న మాట ఊళ్ళలో గట్టిగా ఉంది. ఇప్పటి ఆపరేషన్‌కు కాలంతో పనిలేదు. అలాగే "శుక్లం బాగా ముదరాలి" అన్నది పాతకాలం మాట. ముదిరేకొద్దీ ఆపరేషన్ కష్టమవుతుంది గానీ తేలిక కాదు. ఈ రెండూ మీ కార్యకర్తలందరికీ నోటికి వచ్చి ఉండాలి, ప్రతి ఇంట్లోనూ చెప్పాల్సి వస్తుంది.

ఇంటింటి జాబితా: అసలు శిబిరం ఇదే

మైకులో ప్రచారం చేస్తే చూపు బాగున్నవాళ్ళే ముందు వస్తారు. చూపు లేనివాళ్ళు మూలగదిలో మంచం మీద ఉంటారు, వాళ్ళకు మైకు వినిపించినా లేచి రాలేరు. అందుకే శిబిరానికి ఇరవై రోజుల ముందు నుంచే వీధులు పంచుకుని తిరగండి. ఆశా కార్యకర్తను, ఏఎన్ఎంను వెంట తీసుకెళ్ళండి. ఏ ఇంట్లో ఎవరికి కనపడదో వాళ్ళకు తెలుసు, వాళ్ళు పిలిస్తే తలుపు తీస్తారు.

వెళ్ళేటప్పుడు మూడు వస్తువులు పట్టుకెళ్ళండి. ఒకటి, సరిగ్గా 6 మీటర్లు కొలిచి రెండు కొసలా ముడివేసిన తాడు. రెండు, ఇంగ్లీషు 'ఈ' అక్షరం పెద్దదిగా అచ్చువేసిన అట్ట, ఇది ఆసుపత్రివాళ్ళే ఇస్తారు. మూడు, మధ్యలో లావుపాటి సూదితో ఒక చిల్లు పొడిచిన నల్ల అట్టముక్క.

తాడు ఒక కొస పెద్దావిడ చేతికిచ్చి, రెండో కొస దగ్గర మీరు నిలబడండి. వెలుగు బాగా ఉన్న చోట, వాకిట్లో అయితే మంచిది. ఒక కన్ను అరచేత్తో మూయించండి. వేళ్ళతో అదిమితే ఆ కన్ను కాసేపు మసకబారుతుంది, తర్వాత దాన్ని పరీక్షిస్తే తప్పు వస్తుంది. అట్ట తిప్పుతూ "మూడు కాళ్ళు ఎటువైపు ఉన్నాయో చేత్తో చూపించమ్మా" అని అడగండి. అయిదుసార్లకు నాలుగుసార్లు సరిగ్గా చెబితే ఆ కన్ను ఫరవాలేదు. చెప్పలేకపోతే చిల్లు అట్టలోంచి చూడమనండి. చిల్లులోంచి బాగా కనిపిస్తే చాలావరకు అద్దాలతో సరిపోయే చూపే. చిల్లులోంచి కూడా కనపడకపోతే శుక్లమో, మరేదైనా కంటి జబ్బో అయి ఉంటుంది, ఆ పేరు పక్కన ఎర్ర గుర్తు పెట్టుకోండి. రెండు కళ్ళూ విడివిడిగా చూడడం మరవకండి. ఒక కన్ను బాగుంటే రెండోది పోయిన సంగతి చాలామందికే తెలియదు.

జబ్బు పేరు మీరు చెప్పకండి, అది డాక్టరు పని. కానీ జనం వాడే మాటలు మీకు తెలియాలి. 'పొర కమ్మింది' అంటే చాలాసార్లు శుక్లమే. 'కంట్లో పువ్వు వేసింది' అంటే నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, దానికి శుక్లం ఆపరేషన్ పనిచేయదు. 'నీటికాసులు' (గ్లాకోమా) అన్నది వేరే జబ్బు. దానివల్ల పోయిన చూపు తిరిగి రాదు, మిగిలింది కాపాడుకోవడమే. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే మిగతావాళ్ళను కూడా పరీక్షకు రమ్మనాలి. షుగరు ఉన్నవాళ్ళు చూపు బాగున్నా సరే ఏడాదికోసారి కంటి వెనక పొర చూపించుకోవాలి, వాళ్ళ పేర్లు కూడా రాయండి.

2018లో, 2023లో తెలంగాణలోనూ, 2019లో ఆంధ్రలోనూ కంటి వెలుగు పేరుతో ప్రభుత్వాలు పరీక్షలు చేయించాయి. అప్పటి చీటీ గానీ అద్దాలు గానీ ఉంటే తెమ్మనండి. "అప్పుడే ఆపరేషన్ అన్నారు, వెళ్ళలేదు" అనే మనిషి దొరికితే ఎందుకు వెళ్ళలేదో అడిగి రాసుకోండి. ఆ కారణాన్ని ఇప్పుడే తీర్చగలిగితే ఈసారి ఆ మనిషి బస్సెక్కుతారు.

నలభై దాటిన ఆడవాళ్ళను ఒక మాట అడగండి: "సూదిలో దారం ఎక్కుతోందా?" చత్వారం వచ్చి, బట్టలు కుట్టడం మానేసి కూలికి పోతున్నవాళ్ళను నేను చూశాను. ప్లస్ 1 నుంచి ప్లస్ 3 దాకా దగ్గరచూపు అద్దాలు హోల్‌సేల్‌లో చాలా తక్కువకు వస్తాయి. శిబిరం రోజున వాటికో బల్ల వేయండి. పరీక్ష చేసి ఇవ్వాల్సింది మాత్రం ఆసుపత్రి నుంచి వచ్చిన కంటి పరీక్షకులే.

చాటింపు

శిబిరానికి మూడు రోజుల ముందు దండోరా, ముందురోజు ఆటో మైకు. గుడి, మసీదు, చర్చి పెద్దలను అడిగితే వాళ్ళ మైకుల్లో కూడా చెబుతారు. ఉచితం అని ఒక్కమాట అని ఊరుకోకండి, ఏం తెచ్చుకోవాలో చెప్పండి: ఆధార్ జిరాక్స్, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు, వాడుతున్న మందుల చీటీ, తోడు ఒక మనిషి. టిఫిన్ తిని, బీపీ షుగరు మాత్రలు వేసుకుని రమ్మని రెండుసార్లు చెప్పండి. కంటి పరీక్ష అంటే పరగడుపున రావాలనుకుని, మాత్రలు కూడా మానేసి వచ్చి వరసలో కళ్ళు తిరిగి పడిపోయినవాళ్ళున్నారు.

శిబిరం రోజు

మెట్లు లేని స్కూలు చూడండి. చూపు పరీక్షకు 6 మీటర్ల పొడవున్న వరండా, టార్చితో కన్ను చూడడానికి కిటికీలు మూసేయగలిగే ఒక గది, నీళ్ళొచ్చే మరుగుదొడ్డి, కరెంటు పోతే జనరేటరు. బల్లల వరస ఇలా పెట్టండి: పేరు నమోదు, చూపు పరీక్ష, బీపీ షుగరు, డాక్టరు గది, అద్దాలు, చివరన మాట్లాడే బల్ల. కుర్చీలు వరసగా వేసి, మనుషులు ఒక్కో కుర్చీ జరిగి కూర్చుంటూ ముందుకు పోయే ఏర్పాటు చేస్తే నిలబడే బాధ ఉండదు. టోకెను నంబరు చీటీని చేతికివ్వకుండా చీర కొంగుకో చొక్కాకో పిన్నుతో గుచ్చండి. చూపు లేనివాళ్ళు చీటీ జారిపోయినా చూసుకోలేరు.

డాక్టరు కంట్లో చుక్కలు వేయించి కంటిపాప పెద్దదయ్యాక లోపలి పొర చూస్తారు. ఆ చుక్కలు వేసుకున్నవాళ్ళకు కొన్ని గంటలపాటు వెలుతురు చూడలేనంతగా కళ్ళు జిగేలుమంటాయి, అంతా మసకగా ఉంటుంది. వాళ్ళను ఒంటరిగా రోడ్డు మీదికి పంపొద్దు.

ప్రారంభ సభ పెట్టాలనుకుంటే సాయంత్రం పెట్టండి. ఒక ఏడాది మేం పొద్దున్నే సభ పెట్టాం, ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చారు. రెండు గంటలు ఎండలో కూర్చున్న పెద్దవాళ్ళు కొందరు లేచి వెళ్ళిపోయారు. అందులో ఎర్ర గుర్తు పెట్టుకున్న పేర్లు కూడా ఉన్నాయి. వాళ్ళను మళ్ళీ రప్పించడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు మా దగ్గర పరీక్షలు ఉదయం 8 గంటలకు మొదలవుతాయి. అతిథి ఎప్పుడొచ్చినా వరస ఆగదు.

చివరి బల్ల దగ్గర

ఆపరేషన్ కావాలని డాక్టరు రాసిన ప్రతి మనిషీ ఈ బల్ల దగ్గర కనీసం పది నిమిషాలు కూర్చోవాలి. "రేపు బస్సు వస్తుంది, రండి" అని చీటీ చేతిలో పెట్టి పంపేస్తే సగంమంది రారు. "ఎందుకు రాలేరు?" అని నేరుగా అడిగినా "వస్తాలే నాయనా" అంటారు. ఇంటి సంగతులు అడగండి. పొద్దున లేచి ఏం చేస్తారు, వంట ఎవరు చేస్తారు, కొడుకులెక్కడ ఉంటారు అని మాట కలిపితే అసలు అడ్డంకి దానంతటదే బయటికి వస్తుంది.

ఒక అవ్వ మూడు శిబిరాలకు వచ్చి మూడుసార్లూ బస్సెక్కలేదు. భయం అనుకున్నాం. నాలుగోసారి మా ఆవిడ పక్కన కూర్చుని అరగంట మాట్లాడితే చెప్పింది: "నేను ఆసుపత్రిలో ఉంటే గేదెకు పాలు ఎవరు పితుకుతారమ్మా? పరాయి చెయ్యి పడితే చేపదు." చూపు లేకపోయినా చేతి అలవాటుతో పితుకుతోంది. ఆ ఇంటి పక్క అమ్మాయిని వారం రోజులు రోజూ అవ్వతోపాటు గేదె దగ్గర కూర్చోబెట్టి అలవాటు చేయించాం. అవ్వ వెళ్ళి ఆపరేషన్ చేయించుకొచ్చింది.

"ఇంకా కొంచెం కనపడుతూనే ఉందిగా" అనేవాళ్ళకు, ఒంటరిగా బజారుకు వెళ్ళి రాగలరా అని అడగండి. "ఈ వయసులో నాకెందుకు" అనేవాళ్ళు చాలావరకు కొడుకుకు ఖర్చు, కోడలికి చాకిరీ అని వెనక్కి తగ్గేవాళ్ళే. అప్పుడు కొడుకుతో, కోడలితో మాట్లాడాలి. మగవాళ్ళకంటే ఆడవాళ్ళు ఆపరేషన్ దాకా తక్కువగా చేరతారు. మగవాళ్ళకు తోడుగా భార్య వెళ్తుంది, భార్యకు తోడు వెళ్ళేందుకు ఇంట్లో ఎవరికీ తీరదు. తోడులేని ఆడవాళ్ళకు క్లబ్బు తరఫున ఒక మహిళా కార్యకర్తను తోడు పంపితే ఈ చిక్కు తీరుతుంది.

భయపడేవాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. కంటికి మత్తు ఇస్తారు, నొప్పి ఉండదు, మనిషి మెలకువగానే ఉంటారు, ఆపరేషన్ అరగంటలోపే అయిపోతుంది, ఒకసారికి ఒక కన్నే చేస్తారు. అన్నిటికంటే బాగా పనిచేసేది నిరుడు ఆపరేషన్ చేయించుకున్న అదే వీధి మనిషి. ఇద్దరు ముగ్గురిని పిలిచి ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టండి. కానీ అందరికీ పూర్తి చూపు వస్తుందని మాట ఇవ్వకండి. షుగరు వల్లో నీటికాసుల వల్లో లోపల దెబ్బతిని ఉంటే శుక్లం తీసినా కొంతే వస్తుంది. ఆ సంగతి డాక్టరుచేత ముందే చెప్పించండి.

బస్సు రోజు

ముందురోజు సాయంత్రం జాబితాలో ఉన్న ప్రతి ఇంటికీ ఒకరు వెళ్ళాలి. ఫోన్ చేస్తే చాలదు. తలస్నానం చేయించమనండి, ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు తల మీద నీళ్ళు పోసుకోకూడదు. నగలు ఇంట్లో పెట్టి రమ్మనండి. రెండు జతల బట్టలు, మాత్రలు, ఆధార్ సంచీలో ఉన్నాయో లేదో చూడండి. బస్సులో జాబితా రెండు కాపీలు ఉండాలి, ఒకటి మీ దగ్గర, ఒకటి ఆసుపత్రి మనిషి దగ్గర. పదిమందికి ఒక కార్యకర్త చొప్పున వెంట వెళ్ళాలి.

బీపీ, షుగరు ఎక్కువగా ఉన్నాయని కొందరిని ఆసుపత్రివాళ్ళు వెనక్కి పంపుతారు. అది వాళ్ళ మంచికే. తిరిగొచ్చినవాళ్ళు "నన్ను వద్దన్నారు" అని చిన్నబుచ్చుకుని మళ్ళీ ఎప్పటికీ రారు. మరునాడే వాళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి మాత్రలు మొదలుపెట్టించండి. తర్వాతి బస్సు జాబితాలో మొదట వాళ్ళ పేర్లే రాయండి.

ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు

ఒక సంక్రాంతికి నాలుగు రోజుల ముందు మా ఊరి పెద్దాయన ఒకరు ఆపరేషన్ చేయించుకుని వచ్చారు. నాలుగో రోజున కన్ను ఎర్రబడి నొప్పి పుట్టింది. "కొత్తలో అలాగే ఉంటుంది" అని ఎవరో అన్నారు. పండగ, చుట్టాలు, బస్సుల రద్దీ. మాలో ఎవరూ ఆ నాలుగు రోజుల్లో ఫోన్ చేయలేదు. మాకు తెలిసి ఆసుపత్రికి పరుగెత్తేసరికి ఎనిమిదో రోజు. ఆ కన్ను దక్కలేదు. ఆ తప్పు మా క్లబ్బుదే. ఆపరేషన్ తర్వాత లోపల ఇన్‌ఫెక్షన్ సోకితే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇలాంటిది జరిగేది చాలా అరుదుగానే, కానీ జరిగినప్పుడు పట్టుకునే మనిషి ఉండాలి.

అప్పటి నుంచి మా దగ్గర ఒక పుస్తకం ఉంది. పేరు, ఏ కన్ను, ఫోన్ నంబరు, చుక్కలు ఎవరు వేస్తున్నారు, ఆ పక్కన గడులు. ఇంటికి వచ్చిన మర్నాడు, మూడో రోజు, అయిదో రోజు, ఏడో రోజు తప్పకుండా ఫోన్ చేయాలి. ఫోన్ ఎత్తకపోతే సాయంత్రానికి ఇంటికి వెళ్ళాలి. అడగాల్సినవి నాలుగే: నొప్పి ఉందా, ఎర్రబడిందా, పుసి గానీ చీము గానీ కారుతోందా, నిన్నటికంటే చూపు తగ్గిందా. ఒక్కదానికి అవునన్నా ఆరోజే ఆసుపత్రికి, రాత్రయినా సరే. బండి ఎవరిదో, డ్రైవరు ఎవరో ముందే అనుకుని ఉంచుకోండి.

చుక్కల మందు విషయంలో ఇంట్లోవాళ్ళకు చేసి చూపించండి. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కింది రెప్ప లాగి ఒక చుక్క వేయాలి, సీసా మొన కంటికి తగలకూడదు. రెండు రకాల మందులుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి. వారాలు గడిచేకొద్దీ చుక్కలు తగ్గుతాయి, ఎప్పుడు ఎన్ని అన్నది చీటీలో ఉంటుంది. చదువు రానివాళ్ళకు ఆ చీటీ మీద పొద్దు, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని సూర్యుడు, చంద్రుడు బొమ్మలు గీసి ఇవ్వండి. చలవ అద్దాలు పెట్టుకుని ఉండాలి, కన్ను నలపకూడదు, నీళ్ళు పడకూడదు, పొయ్యి పొగలో కూర్చోకూడదు, బరువులెత్తకూడదు. పత్యం పెట్టడాలు, పప్పు మానిపించడాలు అక్కర్లేదు. డాక్టరు వద్దని చెప్పనిదేదైనా తినొచ్చు.

వారం తిరిగాక ఒక పరీక్ష, దాదాపు నెల దాటాక మరొకటి ఉంటాయి. ఈ రెండోదానికి జనం రారు, కనపడుతోంది కదా అనుకుంటారు. అద్దాల నంబరు ఇచ్చేది ఆరోజే. లెన్స్ పెట్టినా చదవడానికి, దగ్గరి పనికి అద్దాలు కావలసి వస్తుంది. అందుకే ఈ పరీక్షను మన ఊళ్ళోనే, వీలైతే అదే స్కూల్లో పెట్టించమని ఆసుపత్రిని ముందే అడిగి ఉంచండి.

డబ్బు, ఫోటోలు

రోగుల దగ్గర రూపాయి కూడా తీసుకోకండి, ఆటో చార్జీ పేరుతో కూడా. దాతలకు అదేరోజు రసీదు ఇవ్వండి. ఖర్చులో టిఫిన్లు, మైకు, టెంటు, జిరాక్సులు ప్రధానం. అన్నిటికంటే ముందు ఫోన్లకు, ఆరు వారాల్లో రాకపోకలకు డబ్బు పక్కన పెట్టండి, ఆ ఖర్చుకు దాతలు దొరకరు. ఫ్లెక్సీ ఒక్కటి చాలు. కంటికి కట్టుతో ఉన్న అవ్వలను వరసగా నిలబెట్టి ఫోటో తీయకండి. ఫోటో కావాలంటే అడిగి, చూపు వచ్చాక తీయండి.

ఆరోవారం

అద్దాలు ఇచ్చే రోజున పుస్తకం ముందు పెట్టుకుని కూర్చోండి. రాని పేర్ల కోసం సాయంత్రమే ఇళ్ళకు మనిషిని పంపండి. వచ్చినవాళ్ళకు చార్టు పరీక్ష అయ్యాక ఒక చేట, గుప్పెడు బియ్యం దగ్గర పెట్టి రాళ్ళు ఏరమనండి. మగవాళ్ళయితే ఫోన్లో కొడుకు పేరు వెతికి నొక్కమనండి. చేయగలిగారా లేదా అన్నది చివరి గడిలో రాయండి. చేయలేకపోయినవాళ్ళను అక్కడే ఉన్న డాక్టరు దగ్గరికి మళ్ళీ పంపండి. రెండో కన్నుకు కూడా శుక్లం ఉన్నవాళ్ళ పేర్లు కొత్త పేజీలో, తర్వాతి బస్సు తేదీ కింద రాసుకోండి.